కొవ్వు లేని మండలంలో నా ఎడమ మడమ

ఇలా రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ ఫోను పక్కన పడేసి, నా ఎడమ కాలి మడమ మీద ఒకసారి చెయ్యి వేసి చూడండి. కొబ్బరి చిప్పలా గరుకుగా ఉందా? ఉంటుంది మరి. ఈ మడమ గురించి ప్రభుత్వం వారు పదమూడు కాగితాలు రాశారు. దీనికోసం కమిటీ వేశారు. దీనికి నోటీసు ఇచ్చారు. చివరికి దీని వల్లే మన మండలానికి బల్లంత షీల్డు వచ్చింది. ఆ సంగతి చెబుతాను, మధ్యలో లేవకండి.

మీకు తెలియనిది కాదు గానీ, మొదటి నుంచి చెప్పకపోతే నాకు చెప్పినట్టుండదు. మన ఇంట్లో కుమ్మరి సారె తిప్పేది మీ తాత బుల్లియ్య. మట్టి తొక్కేది నేను. వాగు మట్టి తెచ్చి, నానబెట్టి, పట్టా మీద పరిచి, చుట్టూ తిరుగుతూ మడమతో తొక్కాలి. వేళ్లతో తొక్కితే మట్టి జారిపోతుంది. మడమతో తొక్కితే అది లోపలి కబుర్లన్నీ చెబుతుంది. ఆవగింజంత రాయి ఉన్నా నా ఎడమ మడమకు తెలిసిపోతుంది. ఆ రాయి ఏరి పారేయకపోతే ఆవంలో కాలేటప్పుడు కుండ సరిగ్గా అక్కడే టప్పున పగులుతుంది. కొనేవాళ్లు కుండ చేసిన చేతులను మెచ్చుకుంటారు. మెచ్చుకోనివ్వండి, నాకేమీ దిగులు లేదు. మీ తాత చేసిన కూజా ఎండాకాలమంతా ఒక్క చుక్క కారలేదంటే అది నా ఎడమ మడమ చలవ. కుడి మడమ కూడా ఉంది గానీ, పాపం, దానికి అంత తెలివి లేదు.

ఒక ఏడాది చలికాలంలో మన మండలానికి దివాకరం గారని ఒక ప్రత్యేకాధికారి వచ్చారు. చెడ్డ మనిషి కాదు. జీపు దిగేటప్పుడు ముందు ఆయన పొట్ట దిగేది, అది కుదురుగా నిలబడ్డాక ఆయన దిగేవారు. రాగానే బడి ఆవరణలో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి మైకు పట్టుకున్నారు.

"ప్రజలారా! కొవ్వు అనునది మీ సొంత విషయమని అనుకొనుచున్నారు. కాదు. కొవ్వు అనునది పరిపాలనా సమస్య. వచ్చే ఉగాది నాటికి ఈ మండలమును కొవ్వు రహిత మండలముగా ప్రకటించుటకు పైనుండి ఆదేశములు వచ్చియున్నవి. కావున ప్రజలు తమ తమ శరీరములతో సహకరించవలెను."

అందరం చప్పట్లు కొట్టాం. మైకు ఆగితే కొట్టడం మనకు అలవాటే.

మర్నాటి నుంచి రేషను కొట్లో బియ్యం తూచే కాటా మీద మనుషులను తూచడం మొదలుపెట్టారు. పక్కన కంప్యూటరు పెట్టుకుని అచ్యుతం అనే గుమస్తా రాసుకునేవాడు. మిఠాయి కొట్టు తాతారావు ఎక్కితే కాటా పలక విరిగింది. దివాకరం గారు ఆయన పెట్టిన కాజా తింటూ కాసేపు ఆలోచించి, "ఈయన ఎముకలు బరువు. కొవ్వు లేదని రాయవయ్యా అచ్యుతం" అన్నారు. రైసు మిల్లు యజమాని పేరును పక్క మండలంలోకి మార్చారు. మనిషి ఇక్కడే ఉండేవాడు, ఆయన కొవ్వు మాత్రం అక్కడ ఉండేది. అలా ఒక్కొక్క ఊరూ శుభ్రపడుతూ వచ్చింది.

నా వంతు వచ్చింది. ముప్పై ఎనిమిది కిలోలు తూగాను. అది కూడా చంకలో ఖాళీ కూజా ఉండగా. దివాకరం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన లేవడం చూసి అందరూ ఏదో జరిగిందనుకున్నారు. "చూడండి! ఈమెయే మన మండలానికి ఆదర్శం" అని నన్ను ఫొటో తీయించి, ఆ ఫొటోను మండలాఫీసు గోడకు అంటించారు. మీ తాత వెళ్లి చూసొచ్చి, "కూజా బాగా పడిందే" అన్నాడు.

ఇలా ఉండగా ఒక రోజు మట్టి తొక్కుతుంటే నా ఎడమ మడమ కలుక్కుమంది. రెండు రోజులు చూశాను, మూడో రోజు కాలు కింద పెట్టలేకపోయాను. మన ఊరి నర్సమ్మ ఎస్తేరు ఊరుకోదు కదా, బస్సెక్కించి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ ఎక్స్‌రే తీశారు. తీసినాయన ఆ బొమ్మను వెలుతురుకేసి పెట్టి చూసి, గొంతు తగ్గించి, "మీ ఇంట్లో పెద్దవాళ్లెవరన్నా వచ్చేరాండీ?" అని అడిగాడు.

"నేనే పెద్దదాన్ని నాయనా. నాకంటే పెద్దవాళ్లందరూ పోయేరు. చెప్పు."

ఆయన చీటీ ఒకటి రాసి, లోపల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఎముకల లోపలి బొమ్మలు చదివే డాక్టరు ఆవిడ, పేరు షమీమ్. వయసు చిన్నదే, చూపు మాత్రం నా మడమ లాంటిది, ఏదీ వదలదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మ చూపించింది.

"మామ్మా, ఇది నీ మడమ ఎముక. ఇక్కడ నల్లగా గుంటలాగా ఉంది, చూశావా? మధ్యలో తెల్లగా ఒక చుక్క. ఎముకలో గడ్డ ఉంటే ఇలా కనబడుతుంది."

నా పక్కన ఎస్తేరు సిలువ గుర్తు వేసుకుంది. నేను డాక్టరమ్మ మొహమే చూస్తున్నాను. ఆవిడ మొహంలో భయం లేదు. ఆవిడకు లేనిది నాకెందుకని నేనూ మానేశాను.

"గడ్డలన్నీ చెడ్డవి కావు మామ్మా. కొన్ని ఒట్టి నీటి సంచులు, కొన్ని కొవ్వు ముద్దలు. ఎక్స్‌రేలో ఒకదానికొకటి చుట్టాల్లాగే ఉంటాయి. లోపల ఏముందో ఇంకో యంత్రంలో చూద్దాం."

ఆ యంత్రం పెద్ద గొట్టం. కాళ్లు ముందు పెట్టి నన్ను అందులోకి తోశారు. లోపల ఒకటే మోత. పది మంది కలిసి పచ్చికుండలను చెక్కతో తడుతున్నట్టు ఉంది. నాకు హాయిగా నిద్ర పట్టింది. బయటికి తీశాక డాక్టరమ్మ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. ఇక్కడ జాగ్రత్తగా వినండర్రా, కథంతా ఈ రెండు బొమ్మల్లోనే ఉంది.

"ఇది మొదటి బొమ్మ. నీ తోలు కింద ఉన్న కొవ్వు తెల్లగా మెరుస్తోంది కదా? ఎముక గుంటలో ఉన్నదీ సరిగ్గా అలాగే మెరుస్తోంది. ఇక ఇది రెండోది. యంత్రానికి 'కొవ్వు చూపించకు' అని చెప్పి తీశాను. చూడు, తోలు కింద తెలుపు పోయింది. గుంటలో తెలుపూ దాంతోపాటే పోయింది. రెండూ ఒక్కసారే మాయమయ్యాయంటే ఏంటి?"

"రెండూ ఒకటే సరుకు."

"అంతే. లోపల ఉన్నది ఒట్టి కొవ్వు. మధ్యలో చుక్క సున్నంలా గట్టిపడింది, అది కూడా దీనికి మామూలే. ముక్క కోసి పరీక్షకు పంపే పని కూడా లేదు."

"మరి నొప్పేటమ్మా?"

"నొప్పి దానిది కాదు. అరికాలి కింద పట్టీలా ఉండే పొర వాచింది. పదిహేను రోజులు మట్టి తొక్కకు, మెత్తటి చెప్పులు వేసుకో."

"మరి గడ్డ?"

"దాని మానాన దాన్ని ఉండనివ్వు. ఎముక గోడ చెక్కుచెదరలేదు. ఏడాదికోసారి వచ్చి ఒక బొమ్మ తీయించుకో, చాలు."

"నలభై ఏళ్ల నుంచి మట్టిలో రాళ్లు ఏరుతున్నానమ్మా. నా మడమలోనే ఒకటుందన్నమాట" అన్నాను.

"రాయి కాదు మామ్మా, వెన్నముద్ద" అని నవ్వింది.

వచ్చేశాం. చెప్పులు వేసుకున్నాను, పడుకున్నాను, నొప్పి తగ్గుముఖం పట్టింది. మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ డాక్టరమ్మ రాసిన కాగితం కంప్యూటర్లోకి వెళ్లింది. ఏ ఆసుపత్రిలో ఎవరి ఒంట్లో కొవ్వు కనబడినా ఆ పేరు వాళ్ల మండలం ప్రత్యేకాధికారికి చేరాలని అప్పటికే కొత్త ఉత్తర్వు వచ్చి ఉంది. అచ్యుతం పొద్దున్నే కంప్యూటరు తెరిచేసరికి, మండలం జనాభా నలభై ఒక్క వేలల్లో నలభై వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది పేర్లు పచ్చగా ఉన్నాయట. ఒక్కటే ఎర్రగా ఉంది. నాది.

మధ్యాహ్నానికి జీపు మన గుమ్మం ముందు ఆగింది. ముందు పొట్ట దిగింది, తరువాత దివాకరం గారు దిగారు, వెనక అచ్యుతం దిగాడు. ఏమిటో చూద్దామని ఎస్తేరు కూడా వచ్చింది.

"నూకరత్నం అంటే ఎవరు?"

"నేనేనండి. నా బొమ్మ గోడకి అంటించింది మీరే కదండీ."

"ఆ బొమ్మను ఉదయమే తీసివేయించితిమి. చూడమ్మా, బయటికి పుల్లలా కనబడుతూ ఎముకలో కొవ్వును దాచిపెట్టుకొనుట చాలా తీవ్రమైన విషయం. దీనిని అక్రమ నిల్వ అంటారు."

మీ తాత సారె ఆపి లేచాడు. "అయ్యా, మేం దాచలేదండి. అదే వచ్చి కూర్చుందండి. డాక్టరమ్మగారు ఉండనిమ్మన్నారండి."

"డాక్టరు గారు వైద్యపరంగా ఉండనిమ్మన్నారు. పరిపాలనాపరంగా ఉండుటకు వీలులేదు. అచ్యుతం, ఫారం చూపించవయ్యా."

అచ్యుతం చూపించాడు. ఫారంలో రెండే గళ్లు. ఒకటి 'కొవ్వు లేదు'. రెండోది 'కొవ్వు తొలగించబడినది'.

ఎస్తేరు వంగి చూసింది. "అయ్యగారూ, 'ఉంది, ఫర్వాలేదు' అని ఇంకో గడి గీసేస్తే పోద్ది కదండీ? పెన్ను నేనిత్తానండి."

దివాకరం గారికి చెమట పట్టింది. "గడి గీయడమా? గడి అనునది రాజధానిలో పుట్టవలెను. అక్కడ గళ్ల కమిటీ ఉన్నది. వారు మరల శ్రావణమాసంలో కూర్చుంటారు. మాకు ఉగాదికి ప్రకటన!"

"అయితే 'లేదు' అని రాసేసుకోండి. తాతారావుకి రాసినట్టే" అన్నాను.

"ఆయనకు స్కాన్ లేదు కదమ్మా. సాక్ష్యం లేని కొవ్వు కొవ్వు కాదు. మీది బొమ్మతో సహా ఉన్న కొవ్వు."

ఇక నాకు పథ్యం మొదలైంది. నూనె లేదు, నెయ్యి లేదు, కొబ్బరి లేదు. నేను ఏం తింటున్నానో చూడడానికి దివాకరం గారే స్వయంగా వచ్చేవారు. ఒక రోజు మీ తాత గారెలు వేయించుకుంటే, "ఈ నూనె వాసన కూడా రోగికి ప్రమాదం" అని చెప్పి మొత్తం పన్నెండూ ఆయనే తిని నన్ను కాపాడారు. నా కాలికి అడుగులు లెక్కపెట్టే పట్టీ ఒకటి కట్టారు. రోజుకు పదివేల అడుగులు నడవాలట. అప్పటికి పదిహేను రోజులు దాటాయి, నొప్పి పోయింది, నేను మట్టి తొక్కడం మొదలుపెట్టాను. సాయంత్రం అచ్యుతం పట్టీ చూసి అదిరిపడ్డాడు.

"పద్దెనిమిది వేలండి!"

"భేష్! ఎంత దూరం వెళ్లారమ్మా?" అన్నారు దివాకరం గారు.

"ఎక్కడికీ ఎల్లలేదండి. ఈ పట్టా మీదే."

ఆయన మొహం వాడిపోయింది. "అయితే దూరం సున్నా. దూరం లేని నడకను నడకగా పరిగణించుటకు వీలులేదు. సున్నా రాయవయ్యా."

నెల తిరిగేసరికి ముప్పై ఐదు కిలోలకు దిగాను. రెండోసారి గొట్టంలో పడుకోబెట్టారు. వెన్నముద్ద చక్కగా అక్కడే ఉంది, ఒక నలుసు తగ్గలేదు. డాక్టరమ్మ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపింది. 'ఇది పథ్యానికి కరిగేది కాదు. ఈమెకు ముందు కడుపునిండా అన్నం పెట్టండి.'

దివాకరం గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నిట్టూర్చారు. "రోగి సహకరిస్తున్నది. గడ్డ సహకరించుట లేదు. చట్టప్రకారం వెళ్లక తప్పదు."

మూడో రోజున నోటీసు వచ్చింది. అచ్యుతం గుమ్మంలో నిలబడి పైకి చదివాడు.

"నూకరత్నం, భర్త బుల్లియ్య, వారి ఎడమ మడమ ఎముకలో నివాసముంటున్న కొవ్వు గడ్డకు తెలియజేయునదేమనగా, ఈ నోటీసు అందిన ఏడు రోజులలోగా సదరు ఎముకను ఖాళీ చేయవలెను. చేయని యెడల బలవంతముగా ఖాళీ చేయించబడును. ఇట్లు..." అని ఆగి, దివాకరం గారి వైపు తిరిగాడు. "అందినట్టు సంతకం ఎవరు పెడతారండి?"

"ఎవరికి నోటీసో వారే పెట్టవలెను."

"గడ్డకి సంతకం వచ్చాండీ?"

"నాకే రాదు నాయనా. దానికెక్కడొస్తది?" అన్నాను.

"సంతకం రానివారికి వేలిముద్ర" అన్నారు దివాకరం గారు. ఆయనకు నిబంధనలన్నీ నోటికి వచ్చు.

అలా నా ఎడమ మడమకు నీలం సిరా పూసి కాగితం మీద నొక్కారు. ముద్ర ఎంత చక్కగా పడిందంటే, పగుళ్లతో సహా పొలం పటంలా వచ్చింది. 'నోటీసు స్వీకరించబడినది' అని అచ్యుతం కింద రాసుకున్నాడు. మీ తాత అరుగు మీద కూర్చుని కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ వారమంతా వీధిలో నన్ను ఎవరు పలకరించినా, "ఏం రత్నమ్మా, ఖాళీ చేసిందా?" అనేవారు.

ఏడు రోజులు అయ్యాయి. ఖాళీ చేయలేదు. ఎనిమిదో రోజున దివాకరం గారు నా మడమ కోసం వేసిన కమిటీ కూర్చుని, ఉగాదికి ముందు వచ్చే గురువారం పెద్దాసుపత్రిలో నా మడమ కోయించాలని తీర్మానం చేసింది. ఆ కాగితం చదివినప్పుడు ఎస్తేరు నవ్వలేదు.

"మామ్మా, ఇది ఆట కాదే. ఎముక తెరిచి, లోపలిదంతా గోకేసి, ఆ గుంటలో ఇంకేదో నింపుతారు. మూడు నెల్లు కాలు కింద పెట్టనివ్వరు."

"మూడు నెల్లంటే కూజాల కాలమంతా పోద్ది" అన్నాడు మీ తాత.

"తరవాత మళ్లీ మామూలుగా ఉంటదా?" అని నేను అడిగాను.

"నడుస్తావు మామ్మా."

"నడక గురించి కాదే. రాయి తెలుస్తదా?"

ఎస్తేరు నా మడమను ఒళ్లో పెట్టుకుని నిమిరింది. తనకు తెలియనిది తెలుసని చెప్పే మనిషి కాదు.

ఆ మర్నాడు మీ తాత నన్ను కూర్చోమని, పంచె ఎగ్గట్టి తనే మట్టి తొక్కాడు. "ఆఁ, ఎంతలో పని" అన్నాడు. పన్నెండు కూజాలు చేసి ఆవంలో పెట్టాడు. కాలేటప్పుడు ఇద్దరం పక్కనే కూర్చున్నాం. టప్. కాసేపటికి మళ్లీ టప్. నేను వేళ్లు ముడుస్తూ పోయాను. తొమ్మిది పోయాయి. మీ తాత పగిలిన పెంకు ఒకటి తీసి, అందులో గోరంత రాయి నాకు చూపించాడు.

"నా కాలు దీన్నెక్కి తొక్కేసిందే రత్నం. తెలవనే లేదు" అన్నాడు. నలభై ఏళ్లలో ఆయన నా మడమను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నేను ఆ పెంకును కొంగున కట్టుకుని, గురువారం దాన్ని పట్టుకునే పట్నం వెళ్లాను.

ఆసుపత్రిలో కమిటీ బల్ల చుట్టూ కూర్చుంది. దివాకరం గారి పక్కన అచ్యుతం, చేతిలో ఫారం. ఎదురుగా డాక్టర్ షమీమ్ నిలబడి ఉంది. చేతులు కట్టుకుందంటే కోపంగా ఉందని నాకు అప్పటికే తెలుసు.

"హాని లేని గడ్డను కోయరు. కోస్తేనే హాని" అంది.

"డాక్టరు గారూ, మాకు ఒక్కటే చెప్పండి. ఉన్నదా? లేదా?"

"ఉంది. ఉండాలి కూడా."

"ఆ గడి లేదు."

"సార్, మాటవరసకి అంటున్నాను. ఎముకలో కొవ్వు ఉండటం తప్పయితే పెద్దవాళ్లందరినీ కోయాలి. వయసు వచ్చాక మడమ ఎముకలో మూలుగంతా కొవ్వుగానే మారుతుంది. ఈమెకు ఒకచోట ముద్దగా ఉంది, అంతే తేడా. ఆయన మడమలో ఉంది, ఈయన మడమలో ఉంది, మీ రెండు మడమల్లోనూ ఉంది."

దివాకరం గారు గభాలున రెండు కాళ్లూ కుర్చీ కిందికి లాక్కున్నారు. కమిటీలో మిగతావాళ్లు కూడా లాక్కున్నారు. బల్ల కింద బూట్ల చప్పుడు అయ్యింది.

"ఈ విషయం మినిట్సులో రాయవద్దు" అన్నారాయన చిన్నగా. తరువాత గొంతు సవరించుకుని, "మాకు స్కాన్ ఉన్నవారితోనే పని. ఆఖరి బొమ్మలో కొవ్వు కనబడరాదు. అదే మా లక్ష్యం. కోయక తప్పదు" అన్నారు.

ఆఖరి బొమ్మలో కొవ్వు కనబడకూడదు. ఆ మాట చెవిన పడగానే నాకు డాక్టరమ్మ మొదటి రోజు చూపించిన రెండు బొమ్మలు కళ్లముందు నిలిచాయి. నాకు అక్షరాలు రావు గానీ, చూసింది మరిచిపోవడం కూడా రాదు.

"డాక్టరమ్మా, ఆవేళ నాకు రెండో బొమ్మ చూపించేవు గుర్తుందా? 'చూపించకు' అంటే యంత్రం చూపించలేదు, అదీ. ఆ బొమ్మ ఈ బాబుగారికి చూపించు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. చేతులు విప్పింది. లోపలికి వెళ్లి రెండు బొమ్మలూ తెచ్చి బల్ల మీద పరిచింది. ఒక దానిలో గుంట తెల్లగా మెరుస్తోంది. రెండో దానిలో నల్లగా ఉంది, మడమ చుట్టూ ఎక్కడా తెల్లటి కొవ్వు చార కూడా లేదు.

కమిటీ అంతా లేచి వంగి చూసింది.

"పోయింది!" అన్నాడు అచ్యుతం.

"పోలేదు" అంది డాక్టరమ్మ గట్టిగా. "నేను అబద్ధం చెప్పను. మడమలో కొవ్వు అలాగే ఉంది. ఈ బొమ్మలో మాత్రం కనబడకుండా తీశాం. అది కొవ్వేనని తేల్చుకోవడానికి అలా తీస్తాం."

దివాకరం గారు కళ్లజోడు పైకి తోసి, రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూశారు. నేను కొంగులో పెంకును గట్టిగా పట్టుకున్నాను.

"అచ్యుతం, రికార్డులో పెట్టవలసినది మడమనా, బొమ్మనా?"

"బొమ్మేనండి. మడమ ఫైల్లో పట్టదండి."

"ఈ రెండింటిలో ఆఖరిది ఏది?"

"రెండోదేనండి. దాని మీద రెండు అని కూడా ఉందండి."

"అయితే ఇక కోయుటకు ఏమున్నది?" అని దివాకరం గారు హాయిగా కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలో నాకంటే ఎక్కువ సంతోషం కనబడింది. పాపం, ఆయనకు మాత్రం ముసలిదాని కాలు కోయించాలని సరదానా ఏమిటి?

"నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను సార్. 'మడమలో కొవ్వు ఉంది. హాని లేదు. ఎవరూ ముట్టుకోవద్దు' అని" అంది డాక్టరమ్మ.

"తప్పక రాయండి. బొమ్మ వెనక రాయండి. ఫైల్లో కాగితం వెనక వైపు చూచుటకు మాకు అధికారము లేదు."

ఆవిడ వెనక నిండా రాసింది. ముందు వైపు చూసి అచ్యుతం రెండో గడిలో టిక్కు పెట్టాడు. నలభై ఒక్క వేల పేర్లూ పచ్చగా అయ్యాయి. ఎస్తేరు నన్ను ఆసుపత్రి బయటికి తీసుకొచ్చి, ఎదురుగా ఉన్న హోటల్లో నెయ్యి వేసిన పెసరట్టు తినిపించింది. ఒకటి కాదు, మూడు తిన్నాను.

ఉగాది రోజున బడి ఆవరణలో పందిరి వేశారు. పైనుంచి పెద్దవారెవరో వచ్చి మన మండలాన్ని కొవ్వు రహిత మండలంగా ప్రకటించి షీల్డు ఇచ్చారు. దాన్ని మోయడానికి తాతారావును పిలిచారు, ఎముకలు గట్టివని. మండలాఫీసు గోడ మీదికి నా ఫొటో మళ్లీ ఎక్కింది. ఈసారి పక్కన నా మడమ బొమ్మలు రెండు కూడా పెట్టారు. ఒకదాని కింద 'ముందు', ఇంకొకదాని కింద 'తరువాత' అని రాసి ఉందట. రెండూ ఒకే రోజు, ఒకే పడకలో తీసినవే. వెనక వైపు గోడకు ఉంది కాబట్టి గోడ ఒక్కటే డాక్టరమ్మ రాత చదువుకుంటోంది.

అక్కడితో ఆగిందా? పక్క మండలాల అధికారులు వచ్చి చూసిపోయారు. కత్తి లేదు, పథ్యం లేదు, నడక లేదు, పావుగంట పడుకుంటే కొవ్వు ఉండదు. ఇంతకంటే ఏం కావాలి? ఆఫీసర్లందరూ మాకూ ఆ రెండో బొమ్మ తీయించాలని పెద్దాసుపత్రి మీద పడ్డారు. డాక్టరమ్మ వాళ్లను తిట్టలేదు. "రోగుల పని అయ్యాక తీస్తాను. కానీ బస్టాండు నుంచి ఆసుపత్రికి నడిచి రావాలి. లిఫ్టు ఎక్కకూడదు. వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు వచ్చి బరువు చూపించుకున్నవాళ్లకే గొట్టం" అని గుమ్మానికి కాగితం అంటించింది. అది వైద్య నియమమనుకుని వాళ్లు ఎనిమిది వారాలు మూడంతస్తులు ఎక్కి దిగారు. అలా కొందరికి నిజంగానే పొట్టలు తగ్గాయి. అది ఏ ఫారంలోనూ లేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు.

దివాకరం గారు తొమ్మిదో వారం గొట్టంలోకి వెళ్లారు. పొట్ట దగ్గర కాసేపు ఆగి, ఊపిరి బిగబట్టి మొత్తానికి దూరారు. రెండో బొమ్మలో ఆయన కొవ్వంతా నల్లబడిపోయి, మధ్యలో సన్నటి వెన్నెముక నిలువునా కనబడిందట. దానికి ఫ్రేము కట్టించి ఆఫీసులో కుర్చీ వెనక పెట్టుకున్నారు. ఎవరైనా వస్తే, "ఇది నేనే" అని చూపించేవారు. బదిలీ అయి వెళ్లేటప్పుడు మన ఇంటికి వచ్చి కూజా ఒకటి పట్టుకెళ్లారు. "మీ మడమ ఎట్లున్నదమ్మా?" అని అడిగారు. "ఖాళీ చెయ్యలేదండి" అన్నాను. ఆయన చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, "ఉండనివ్వండి" అన్నారు. ఆయన మైకు గొంతు కాకుండా సొంత గొంతుతో మాట్లాడగా విన్నది అదొక్కసారే.

ఏటా వెళ్లి డాక్టరమ్మకు చూపించుకుంటూనే ఉన్నాను. వెన్నముద్ద ఎక్కడిదక్కడే ఉంది, పెరగలేదు, తరగలేదు. ఆవిడకు ఏటా ఒక కూజా ఇస్తాను, నాకు ఏటా ఒక బొమ్మ ఇస్తుంది. ఇదిగో, ఇది చూడండి. ఈ పొద్దున మట్టిలో నా మడమకు తగిలిన రాయి. నువ్వుగింజంత లేదు. మీ తాత కళ్లజోడు పెట్టుకుని కూడా దీన్ని వెతుక్కున్నాడు. ఇలా చెయ్యి పట్టండి, పడేయకండి.

ఇదంతా గుర్తుంచుకోండర్రా. నేను రాసిపెట్టలేను, మీరే నా కాగితం. రేపు ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఆ గోడ మీది బొమ్మలు చూపించి చెప్పకండి. చెప్పులు విప్పి, మీ మడమ చూపించి చెప్పండి.